శత్రువు కావలెను

ఉప్పుగూడ, హైదరాబాదు
8-2-1999

అక్కకి వేణు నమస్కారాలు.

నీతో మాట్లాడదామని రెండుసార్లు ఎస్టీడీ బూత్ దాకా వెళ్లి తిరిగొచ్చాను. పేరుకి అద్దాల గదే గానీ లోపల దగ్గినా బయట బెంచీ మీద వాళ్లకి వినపడుతుంది. ఇది అక్కడ నిలబడి అరిచి చెప్పే సంగతి కాదు.

కిందటి నెల మా ఇంట్లో దొంగ పడ్డాడు. పట్టపగలే. నేను ఆఫీసులో ఉన్నాను. కరెంటు మీటరు చూడాలని వాడంటే సుచరిత తలుపు తీసింది. మెడ మీద కత్తి పెట్టి గొలుసు తెంపుకుపోయాడు. సుధ పక్క గదిలో లెక్కలు చేసుకుంటోంది, దానికి తెలియను కూడా తెలియదు. ఎవరికీ దెబ్బ తగల్లేదు, కంగారు పడకు. కానీ మర్నాడే సుచరిత పిల్లని తీసుకుని సైదాబాదులో వాళ్ల పిన్నిగారింటికి వెళ్లిపోయింది. స్కూలుకి కూడా అక్కణ్ణుంచే వెళ్లి పాఠాలు చెబుతోంది. "ఆ గుమ్మంలో కాలు పెట్టను, ఇల్లు అమ్మేయండి" అంటోంది. ఈ ఇల్లు ఎలా కట్టుకున్నామో నీకు తెలుసు. నేనొక్కణ్ణే వండుకుని తింటున్నాను. పక్కింటి అంజన్న భార్య కాశమ్మ జాలిపడి రోజూ ఏదో ఒక కూర ఇస్తోంది.

కిటికీలకి గ్రిల్లు వేయించాను. కుక్కని తెస్తానన్నాను. ఏం చెప్పినా "మళ్లీ వస్తే?" అని ఒకటే మాట. అందుకని రివాల్వరు కొందామని నిశ్చయించుకున్నాను. నవ్వకు. దొడ్డిదారిన కాదు, చట్టప్రకారమే. ముందు లైసెన్సు రావాలి, ఆ తర్వాతే కొట్టు గడప తొక్కాలి. కమిషనర్ ఆఫీసులో దరఖాస్తు ఇచ్చాను. ఇక్కడి స్టేషను వాళ్లూ, సొంతూరి స్టేషను వాళ్లూ నా గురించి విచారించి రాయాలట. మన ఊళ్లో ఎవరో ఒకరు నీ దగ్గరికొస్తారు. ఎందుకొచ్చారో తెలుసు కాబట్టి చూసుకుని మాట్లాడు.

అంజన్న రైల్వే స్టేషన్ వైపు వెళ్తున్నాడు. పోస్టు డబ్బాలో వేయమని ఇది అతని చేతికిస్తున్నాను.

నీ తమ్ముడు
వేణుమాధవ్


లంకపాడు
3-3-1999

ఒరేయ్ వేణూ,

చిరంజీవి అని మొదలుపెట్టాలని ఉంది గానీ కోపంగా ఉంది. సంక్రాంతి ముందు రాసిన ఉత్తరమే ఆఖరు. మన రత్తమ్మ పిన్ని కూతురు సైదాబాదులో సుచరితని చూసిందట. పిల్లతో సహా అక్కడే ఉంటోందట. నాకు చెప్పాలని నీకు అనిపించలేదా?

సరే, ఏదో అలకలే అనుకున్నాను. మొన్న గురువారం పొద్దున్నే అప్పడాల పిండి కలుపుతుంటే పోలీసాయన సైకిలు దిగాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. హైదరాబాదు నుంచి కాగితం వచ్చిందట, విషయం చెప్పకూడదట. "మీ తమ్ముడు కోపిష్ఠి మనిషా? ఎప్పుడైనా ఎవరిమీదైనా చేయి చేసుకున్నాడా? తాగుతాడా?" అని అడుగుతున్నాడు. ఇంకా అర్థం కాకపోవడానికి నేనేమన్నా పిచ్చిదాన్నా? పెళ్లాం పుట్టింటివాళ్ల ఇంట్లో, పోలీసు మా అరుగు మీద. సుచరిత నీ మీద కేసు పెట్టింది, అంతే.

నేను ఊరుకుంటానా? మజ్జిగిచ్చి కూర్చోబెట్టి అంతా చెప్పాను. "మా వాడు చేయి చేసుకోవడమా? బల్లిని చూస్తే కుర్చీ ఎక్కుతాడు. చిన్నప్పుడు కోడిని కోస్తుంటే కళ్లు తిరిగి పడిపోయాడు. ఎవరైనా గట్టిగా మాట్లాడితే తప్పు లేకపోయినా క్షమించమంటాడు" అన్నాను. ఎవరితోనైనా పగలున్నాయా అన్నాడు. "వాడికి శత్రువులేమిటి నాయనా, వాణ్ణి చూసి ఎవరికైనా పగ పుడుతుందా?" అన్నాను. ఆయన ఒక్క ముక్క వదలకుండా రాసుకున్నాడు. ఇంక నీకేమీ కాదు.

ఆ మహాతల్లికి నేను మాత్రం ఉత్తరం రాయను. నువ్వే వెళ్లి బతిమాలో బామాలో ఇంటికి తెచ్చుకో. మీ బావ "తొందరపడి మాట్లాడావేమో" అంటున్నారు. ఆయనకి ఎప్పుడూ అంతే.

అక్క
కోటేశ్వరమ్మ


ఉప్పుగూడ
20-4-1999

అక్కా,

నీ ఉత్తరం చూసి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. సుచరిత కేసు పెట్టడమేమిటి? మెడ మీద కత్తి పెట్టించుకున్న మనిషిని పట్టుకుని మహాతల్లి అంటావా?

తప్పు నీదీ కాదు. ఫిబ్రవరిలోనే నీకు అంతా వివరంగా రాశాను. కిందటి ఆదివారం కాశమ్మ తడిసి ముద్దయిన కవరు తెచ్చి నా చేతిలో పెట్టింది. "గిది మీ చిట్టీ అనుకుంట సార్. మా ఆయన అంగీ జేబుల ఉండె. గా అంగీ తొడుక్కునుడే బందువెట్టిండు, ఇయ్యాల ఉతికినంక చూసిన" అంది. అంజన్న రెండు రోజులుగా నాకు మొహం చూపించడం లేదు. ఇంట్లో దొంగ పడిన సంగతీ, నేను రివాల్వరు లైసెన్సుకి పెట్టిన సంగతీ అన్నీ అందులోనే ఉన్నాయి. ఆ పోలీసాయన వచ్చింది ఆ లైసెన్సు విచారణకి. వేరే కాగితం మీద అంతా మళ్లీ రాసి దీనితో పెడుతున్నాను.

ఇంతకీ లైసెన్సు ఇవ్వలేదు. "దరఖాస్తుదారుకు శత్రువులు లేరు. ప్రాణహాని ఉన్నట్టు ఆధారం లేదు. పిరికి స్వభావం కలవాడు." ఆ చివరి మాట నీ మజ్జిగ ప్రభావం. ఇక్కడ మాత్రం ఏం తక్కువ? మా వీధిలో విచారిస్తే అంజన్న ఏమన్నాడో తెలుసా? "సారు మస్తు మంచోడు. గాయనతోని ఎవలకు లొల్లి ఉంటది? ఫికర్ చేసుడు తప్ప ఇంకేం తెల్వది." నన్ను పొగిడానని అతని సంతోషం.

దొంగ భయం ఉందయ్యా అంటే గుమాస్తా నవ్వాడు. దొంగల భయం ఊరందరికీ ఉంటుంది, మీకు మాత్రమే ఉన్న భయం చెప్పండి అన్నాడు. మళ్లీ విచారణ చేయించమని ఇంకో దరఖాస్తు పెట్టాను. పెట్టి ఏం లాభం? ఇంతమంది చుట్టాలున్నారు, నాకోసం ఒక్క శత్రువుని చూపించలేకపోయావు కదా అక్కా!

సుచరిత ఆదివారాలు వచ్చి గుమ్మం బయటే నిలబడి, తన బట్టలు నాచేత తెప్పించుకుని వెళ్తోంది.

వేణు


లంకపాడు
9-5-1999

చిరంజీవి వేణుకి,

ముందు సుచరితకి నా మాటగా చెప్పు, చెంపలేసుకున్నానని. మెడకి గీత పడిందా? పడితే వెన్న రాయమను. ఆ సంగతి చదివి రెండు రోజులు అన్నం సహించలేదు. నా నోటిదురుసు వల్ల నీ కాపురం ఇలా గుమ్మం అవతలా ఇవతలా ఉండిపోయిందని ఒకటే బాధ.

అందుకే నువ్వు చెప్పినట్టే చేశాను. రెండోసారి విచారణకి పోలీసాయన వచ్చేదాకా ఆగలేదు, నేనే స్టేషనుకి వెళ్లాను. "అప్పుడు భయపడి దాచాను బాబూ, మా తమ్ముడికి శత్రువున్నాడు. వేసేస్తానని నా ఎదుటే అన్నాడు" అని ఎస్సైగారి ముందు చెప్పాను. ఎవరని అడిగారు. మన వంశానికి ఊరందరికీ తెలిసిన పగ ఒక్కటే కదా, నాన్నా చిన్నాన్నా గట్టు మీద కొబ్బరిచెట్ల కోసం కోర్టుకెక్కింది. చిన్నాన్న కొడుకు శోభనాద్రి పేరు చెప్పేశాను.

మొహం అలా పెట్టకు. వాడికేం తెలుస్తుంది? ఆ కాగితం హైదరాబాదు వెళ్తుంది, అక్కడే బీరువాలో పడి ఉంటుంది. పెద్దవాళ్ల గొడవ పెద్దవాళ్లతోనే పోయింది. మొన్ననే నా కుట్టుమిషను బెల్టు తెగితే సైకిళ్ల కొట్టు మూసుకుని వచ్చి వేసి వెళ్లాడు, కాఫీ కూడా తాగలేదు. వాడికి మనమంటే ఏమీ లేదు కాబట్టే వాడి పేరు చెప్పడానికి ధైర్యం వచ్చింది. నిజంగా పగ ఉన్నవాడి పేరైతే చెబుతానా?

నాకొక సందేహం. రివాల్వరు పేలేటప్పుడు చేతికి వేడి తగలదూ?

ఆశీస్సులతో
అక్క


ఉప్పుగూడ
28-6-1999

అక్కకి,

నేను చూపించమన్నది విసుగుతో అన్న మాట. నిజంగా చూపిస్తావని అనుకోలేదు. శోభనాద్రి పేరు రెండుసార్లు చదివాను. అలా కాదని వెంటనే రాద్దామని కాగితం తీశాను కూడా. ఏం రాయాలో తేలేలోపే లైసెన్సు వచ్చేసింది. వచ్చాక కాగితం లోపల పెట్టేశాను. ఉన్నమాట చెబుతున్నాను, సంతోషం వేసింది.

కొట్టు ఆబిడ్స్ వైపు ఒక సందులో ఉంది. ముసలి సాయిబుగారు, చాలా మర్యాదస్థుడు. లైసెన్సు అటూ ఇటూ తిప్పి చూసి ముందు రెండు గొట్టాల తుపాకీ చూపించాడు. అది పట్టుకుని మా ముందుగదిలో ఇటు తిరిగితే ట్యూబులైటు పగులుతుంది, అటు తిరిగితే దేవుడి పటాలు. తర్వాత పిస్తోలు ఇచ్చాడు. దాన్ని పైన పట్టుకుని వెనక్కి లాగాలి. నాకు రెండుసార్లు చెయ్యి జారింది. "పిస్తోల్ నక్కో సాబ్. ఘర్ కే వాస్తే రివాల్వరిచ్ లేలో" అని, ఇంటికి రివాల్వరే మంచిదంటూ, తనే నా చేతిలోంచి తీసేసుకున్నాడు. చివరికి కాన్పూరు ఫ్యాక్టరీలో చేసిన ముప్పై రెండు బోరు రివాల్వరు తీసుకున్నాను. చిన్నదే, కానీ చూసినదానికంటే బరువు. గుళ్లు లేవని తెలిసి కూడా గొట్టం గోడవైపు తిప్పి పట్టుకున్నాను. ఆయన చూడనట్టు ఊరుకున్నాడు.

రసీదు రాస్తూ "దుష్మన్ కౌన్ హై సాబ్?" అన్నాడు. శత్రువులెవరూ లేరందామనుకున్నాను. లైసెన్సులో ఒకటి, నోటితో ఒకటి అయితే ఏమొస్తుందోనని "మా చిన్నాన్న కొడుకు" అన్నాను. ఆయన జాలిగా తలూపి "రిష్తేదారోంసేచ్ జ్యాదా డర్ హై సాబ్" అన్నాడు, చుట్టాల వల్లే ఎక్కువ భయమట. బయటికొచ్చాక నాకెందుకో శోభనాద్రి మీద నిజంగానే కోపం వచ్చినట్టు అనిపించింది. బస్సు ఎక్కాక పోయింది.

సుచరిత సుధని తీసుకుని వచ్చేసింది. స్కూళ్లు తెరిచారనో, పిన్నిగారింట్లో ఇరుకనో, దీనివల్లనో నాకు తెలియలేదు. అడిగితే చెప్పదు. రివాల్వరు చూసి మొదట అన్న మాట, "సుధకి అందకుండా ఎక్కడ పెడతారు?" బీరువాలో పెట్టి తాళం వేస్తాను, గుళ్లు వంటింటి అటక మీద వేరే డబ్బాలో, ఆ తాళంచెవి నా దగ్గర అన్నాను. "అయితే వాడు మళ్లీ వస్తే కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి, మీ ఆఫీసుకి కబురు పంపుతాను" అంది. నవ్వుతూ అందో విసుగ్గా అందో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. మీటరు చూసేవాడొస్తే మాత్రం ఇప్పటికీ తలుపు తీయడం లేదు. కాశమ్మని పిలుస్తోంది. ఆవిడ "ఎవడ్రా నువ్వు? కార్డు చూపియ్" అని వీధంతా వినపడేట్టు అరుస్తుంది.

బావగారికి నమస్కారాలు.

వేణు


లంకపాడు
15-8-1999

వేణూ,

కొంప మునిగింది. బీరువాలో పడి ఉంటుందనుకున్న కాగితం ఇక్కడి స్టేషనులో కూడా ఉందిరా.

ఎలక్షన్లు కదా. గొడవలు చేసేవాళ్ల పేర్లన్నీ పైకి తీశారు. అందులో శోభనాద్రి పేరుంది. హత్య చేస్తానని బెదిరించిన మనిషి అని. ఎమ్మార్వోగారి ముందుకి తీసుకెళ్లి బుద్ధిగా ఉంటానని బాండు రాయించుకున్నారు. జామీనుకి ఇద్దరు మనుషుల్ని తెచ్చుకోమన్నారు. ఏడాదిపాటు ప్రతి ఆదివారం స్టేషనుకి వెళ్లి సంతకం పెట్టి, పొమ్మనేదాకా బల్ల మీద కూర్చోవాలి. పక్కన ఎవరో తెలుసా? సారా కేసుల వాళ్లు, చేపల చెరువుల దగ్గర తలలు పగలగొట్టిన వాళ్లు.

మన ఊళ్లో ఇద్దరు శోభనాద్రులున్నారు కాబట్టి వీణ్ణి సైకిళ్ల శోభనాద్రి అనేవాళ్లం. ఇప్పుడు రౌడీ శోభనాద్రి అంటున్నారు. మొదట సరదాకే అన్నారు. ఇప్పుడు చంటిపిల్లలు కూడా అలాగే పిలుస్తున్నారు.

నిన్న సాయంత్రం వచ్చాడు. అరుగు మీద కూర్చుని "అక్కా, వేణుని నేను చంపుతానన్నానని ఎవరు చెప్పి ఉంటారు? వాణ్ణి చూసే పదేళ్లయింది" అన్నాడు. తెలియదన్నాను. కాఫీ ఇచ్చాను. ఈసారి తాగాడు. వాడు తాగుతుంటే నాకు చూడబుద్ధి కాలేదు.

ఏం చెయ్యాలో నాకు తోచడం లేదు. నువ్వు చదువుకున్నవాడివి. చెప్పు.

కోటేశ్వరమ్మ


ఉప్పుగూడ
30-8-1999

అక్కా,

చదువుకున్నవాణ్ణి గానీ నాకూ ఏమీ తోచడం లేదు.

ఎలక్షన్లని లైసెన్సు ఉన్నవాళ్లందరూ ఆయుధాలు స్టేషనులో అప్పగించాలన్నారు. నేనూ సంచీలో పెట్టుకుని వెళ్లి ఇచ్చి రసీదు తీసుకున్నాను. ఊళ్లో నాలుగు రకాల గొడవలు జరుగుతాయని భయపడే రోజుల్లో రివాల్వరు స్టేషనులో ఉంటుంది. ఏ గొడవా లేనప్పుడు మా బీరువాలో ఉంటుంది. అంజన్న "గట్లయితే ఎందుకు కొన్నట్టు సార్?" అన్నాడు.

అక్కడే ఎస్సైని మాటవరసకి అడిగాను, "నాకు ఇప్పుడు ప్రాణభయం లేదని రాసిస్తే ఏమవుతుంది?" అని. లైసెన్సు రద్దవుతుందన్నాడు. అవనీ అనుకున్నాను. "అయితే మొదట భయముందని చెప్పింది అబద్ధమా? చెప్పిందెవరు?" అన్నాడు. రసీదు జేబులో పెట్టుకుని బయటికొచ్చేశాను. ఇప్పుడు నిజం రాస్తే కేసు నీ మీదకొస్తుంది. రాయకపోతే వాడు ఆదివారం ఆదివారం ఆ బల్ల మీద కూర్చుంటాడు. రెండు రోజులుగా ఇదే తిరుగుతోంది బుర్రలో. ఆఫీసులో తప్పు ఫైలు మీద సంతకం పెట్టాను.

నీ ఉత్తరం దాచాను గానీ సుచరిత చూసింది. చదివి మడతపెట్టి నా చేతికిచ్చింది. తర్వాత అంది, "నేను భయంగా ఉందన్నాను. మీరు నా పక్కన పది రోజులు సెలవు పెట్టి కూర్చుంటారనుకున్నాను. మీరు ఆఫీసుల చుట్టూ తిరిగారు. నా కోసం కొన్నానని ఇంకోసారి అనకండి." ఇన్ని నెలలూ నేను చేసిందంతా ఆమె కోసమే అనుకున్నాను. ఆమె అడిగింది అది కాదట. ముందే చెప్పొచ్చు కదా అంటే, చెప్పానంది. ఎప్పుడు చెప్పిందో నాకు గుర్తు రావడం లేదు.

నువ్వు మాత్రం తొందరపడి ఎక్కడికీ వెళ్లకు. నేను ఎవరైనా వకీలుని అడుగుతాను.

వేణు


లంకపాడు
21-9-1999

చిరంజీవి వేణుకి,

వెళ్లొద్దన్న నీ ఉత్తరం అందింది. అప్పటికే వెళ్లొచ్చాను.

ఆదివారం శోభనాద్రి బల్ల మీద ఉండగానే వెళ్లాను. వాడి ముందే చెప్పాను, నేనన్నది అబద్ధమని. ఎస్సైగారు నన్ను తిట్టని తిట్టు లేదు. ఆడదానివి, పెద్దదానివి కాబట్టి వదులుతున్నాను అన్నారు. నా వాంగ్మూలం మళ్లీ రాయించుకున్నారు. నీ లైసెన్సు సంగతి హైదరాబాదుకి రాస్తారట. వాడి బాండు మాత్రం ఎమ్మార్వోగారు తీసేయాలట, ఎలక్షన్ల పని అయ్యాక చూస్తామన్నారు. వచ్చే రెండు మూడు ఆదివారాలు తప్పవు.

బయటికొచ్చాక శోభనాద్రి సైకిలు నడిపించుకుంటూ నా పక్కనే వచ్చాడు. తిడతాడని చూశాను. తిట్టలేదు. మలుపు దగ్గర ఆగి ఇలా అన్నాడు. వాడి మాటలే రాస్తున్నాను:

"అక్కా, వేణుగాడి మీద నాకు ఏనాడూ ఏమీ లేదు. నిజం చెప్పాలంటే వాడి మొహం కూడా మర్చిపోయాను. ఇప్పుడు ఆ బల్ల మీద కూర్చుంటే వేరే పనేముంది, వాణ్ణే తలుచుకుంటున్నాను. ఇంటికొచ్చినా వాడే. నా కోసం తుపాకీ కొన్నాడంట కదా. వాడు కనబడితే ఏం చేస్తానో ఇప్పుడు నాకే తెలియదు."

నవ్వుతూనే అన్నాడు. కానీ నన్ను సైకిలెక్కమనలేదు. వాడి ఇంటి ముందు నుంచి వస్తుంటే వాడి పెళ్లాం లోపలికి వెళ్లిపోయింది. మీ బావని అడిగితే వేళాకోళమే అయి ఉంటుంది అంటున్నారు. కావచ్చు. నేనే వెతికి తెచ్చిన శత్రువు కదా, నాకు మాత్రం భయంగా ఉంది. కొన్నాళ్లు ఇటు రాకు.

అక్క


ఉప్పుగూడ
28-9-1999

అక్కా,

లైసెన్సు వద్దని కమిషనర్ ఆఫీసులో రాసిచ్చి వచ్చాను. రివాల్వరు స్టేషను నుంచి నేరుగా సాయిబుగారి కొట్టుకే వెళ్తుంది. సుచరితకి చెబితే సరే అంది. నీ ఉత్తరం ఆమెకి నేనే చదివి వినిపించాను. శోభనాద్రి మాటల దగ్గర ఆగితే "మళ్లీ చదవండి" అంది. మళ్లీ చదివాను. "మిమ్మల్ని రావద్దన్నది వదినగారు. ఆయన కాదుగా" అంది.

ఆఫీసులో సెలవు పెట్టాను. అక్టోబరు ఆరు, బుధవారం బస్సుకి బయల్దేరుతున్నాను. సుచరితా సుధా కూడా వస్తున్నారు. దారిపొడుగునా ఏం మాట్లాడాలో అనుకుంటాను, అక్కడికొచ్చాక ఒక్కటీ రాదని తెలుసు. నవ్వుతూ అన్నాడో నిజంగా అన్నాడో నీకూ తెలియదు, నాకూ తెలియదు, వాడికే తెలియదంటున్నాడు. వాడి ఎదురుగా నిలబడితే గానీ తేలదు. కొడితే కొట్టనీ.

నువ్వు మధ్యలోకి రావద్దు. క్షమించమని నా తరఫున అడగొద్దు. నేను వస్తున్నానని మాత్రం చెప్పు. గురువారం పొద్దున్న వాణ్ణి తన కొట్టు దగ్గర ఉండమను.

నాకు చాలా భయంగా ఉంది అక్కా.

వేణు